ఎవరి ఫోన్‌లో, ఏ గంటకి, ఎక్కడ నిలబడితే: విశాఖ ఏజెన్సీలో ఒక టవర్ కేస్ స్టడీ

టవర్ ఆన్ ఎయిర్ అయిన, అంటే సిగ్నల్ ఇవ్వడం మొదలుపెట్టిన తొమ్మిదో రోజు పొద్దున్నే ఆ ఊరి ఆశా కార్యకర్త నుంచి ఫోన్ వచ్చింది. నేను విశాఖపట్నంలో, సీతమ్మధార ఆఫీసులో కూర్చుని ఆ సైట్ కంప్లీషన్ ఫైలు మీద సంతకాలు పెడుతున్నాను. మాట గంట కొట్టినట్టు వినిపిస్తోంది. "చూశావా అమ్మా, ఇప్పుడు ఇంట్లో కూర్చునే మాట్లాడొచ్చు" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "ఇంట్లో కాదు సార్, రాయెక్కి మాట్లాడుతున్నాను" అంది.

ఏజెన్సీలో తిరిగినవాళ్లకి ఆ రాయి సంగతి చెప్పక్కర్లేదు. సిగ్నల్ లేని ప్రతి ఊరికీ దగ్గర్లో అలాంటిది ఒకటి ఉంటుంది. రాయి కావచ్చు, చెట్టు కావచ్చు, ఘాట్ రోడ్డు మలుపు కావచ్చు. ఈ ఊరి రాయి ఇరవై నిమిషాల నడక. మండల కేంద్రంలోని టవర్ నుంచి అక్కడికి ఒక గీత, రోజు బాగుంటే రెండు గీతలు వస్తాయి. 108కి చెప్పాలన్నా, రేషన్ మిషన్‌లో వేలిముద్ర పడాలన్నా ఆ రాయి దగ్గరికే పోవాలి. మేం పెట్టిన 40 మీటర్ల టవర్ ఆమె ఇంటికి 700 మీటర్ల దూరంలో ఉంది. ఆమె మాత్రం ఇంకా రాయే ఎక్కుతోంది.

నా ఫైల్లో ఆ ఊరు 'కవర్డ్'. డ్రైవ్ టెస్ట్ మ్యాపు నిండా పచ్చ చుక్కలు. తీరా చూస్తే ఆ చుక్కలన్నీ కొండకి అవతలి పక్క రోడ్డు మీదివి. డ్రైవ్ టెస్ట్ అంటే జీపులో ఫోన్లు పెట్టుకుని తిరుగుతూ సిగ్నల్ కొలవడం. జీపు పోయే దారి ఉంటేనే టెస్ట్. ఆ ఊరికి దారి లేదు. ఇంత సులువైన విషయం, పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడికి, ఆమె ఫోన్ చేసేదాకా తట్టలేదు.

ఊరి పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. ఇందులో చెప్పే తప్పుల్లో పెద్దవన్నీ నావే. ఆ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. కాగితం మీద జిల్లా మారినా మా గోడౌను, టవరెక్కి పనిచేసే రిగ్గర్లు, అలారాలు చూసే కంట్రోల్ రూము అన్నీ విశాఖలోనే. పాడేరు ఘాట్ ఎక్కితేనే మాకు పని మొదలవుతుంది. అందుకే నోటి అలవాటుగా విశాఖ ఏజెన్సీ అనే అంటాం.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

నలభై, యాభై గడపలున్న కొండ ఊరికి టవర్ పెడితే ఏ కంపెనీకీ లెక్క కుదరదు. నెలకి వచ్చే రీఛార్జులు కరెంటుకీ కాపలాకీ కూడా చాలవు. అందుకే దేశంలో 2002 ఏప్రిల్‌లో యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ పెట్టారు. టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం అందులోకి వెళ్తుంది. 2023 టెలికాం చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని కొత్త పేరు పెట్టింది. పట్నంలో మనం చేసే ప్రతి రీఛార్జిలో కొండ మీది టవర్‌కి కొంత వాటా ఉందన్నమాట.

ఈ నిధితోనే రెండు పెద్ద పథకాలు వచ్చాయి. 2021 నవంబర్‌లో ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో (వెనకబడినవిగా కేంద్రం గుర్తించినవి) సిగ్నల్ లేని 7,287 గ్రామాలకి 4జీ ఇవ్వడానికి కేంద్ర క్యాబినెట్ 6,466 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం తెలిపింది. అప్పటి ఉమ్మడి విశాఖ జిల్లా అందులో ఉంది. తర్వాత 2022 జులై 27న దేశమంతా మిగిలిపోయిన 24,680 గ్రామాల కోసం 26,316 కోట్లతో 4జీ శాచురేషన్ పథకానికి ఆమోదం వచ్చింది. అంకెలు పెద్దవే. అయితే అంత పెద్ద పథకమైనా చివరికి ఊళ్ల జాబితాగా మారుతుంది. జాబితాలో ప్రతి ఊరి పక్కనా ఒక గడి ఉంటుంది. దాంట్లో అవును అనో కాదు అనో రాయాలి. ఎవరి ఫోన్‌లో, ఏ గంటకి, ఎక్కడ నిలబడితే అనే మూడు ప్రశ్నలకి ఆ గడిలో చోటు లేదు. నా సైట్ ఈ మూడింటి దగ్గరా తప్పింది.

స్థలం

సర్వేకి వెళ్లింది 2023 నవంబర్‌లో. ఊరు కొండ పాదంలో ఉంది. వెనక కొండ ఊరికంటే 200 మీటర్ల ఎత్తు. పైన కొంచెం చదును, దాని చివర నిటారు అంచు. అంచున నిలబడితే ఊళ్లోని ప్రతి ఇంటి కప్పూ కనిపిస్తుంది. అటు తిరిగితే ఎదురు లోయ, లోయ దాటాక మరో రెండు గూడేలు. ఇంతకంటే మంచి చోటు ఎవడికి దొరుకుతుంది అనుకుని జీపీఎస్ పాయింట్ తీసుకున్నాను.

ఇక్కడ పని చేయని ఇంజనీర్లకి ఒక మాట. ఏజెన్సీలో భూమి మైదానంలో దొరికినట్టు దొరకదు. విశాఖ నగరంలో అయితే మేడ యజమానితో అద్దె మాట్లాడుకుని అగ్రిమెంటు రాసుకుంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులకి భూమి అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా చెల్లదు. గిరిజన రైతు సరేనన్నా కుదరదు, కుదరకూడదు కూడా. ఆ చట్టం లేకపోతే అరకు రోడ్డు పొడుగునా ఈపాటికి ఎవరి పేర్లు ఉండేవో ఊహించుకోవచ్చు. కాబట్టి ప్రభుత్వ బంజరు చూసుకోవాలి, గ్రామసభ తీర్మానం తెచ్చుకోవాలి, రెవెన్యూ అనుమతి తీసుకోవాలి. కరెంటు తీగ అడవిలోంచి రావాలంటే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద మళ్లీ గ్రామసభ సిఫారసు కావాలి. ఆ సెక్షన్ కింద ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు. తీగ ఫైలు అలా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరుగుతూ ఉండగానే మేం సౌర విద్యుత్తుతో మొదలుపెట్టేశాం. దాని ఫలితం తర్వాత చెప్తాను.

గ్రామసభ జనవరిలో జరిగింది. టవర్‌కి అందరూ సరే అన్నారు. అడిగింది ఒక్కటే: నేను చూపించిన అంచు దగ్గర ఊరి దేవత రాయి ఉంది, పండగకి అక్కడ మొక్కుకుంటారు, టవర్ కాస్త వెనక్కి జరపాలి. న్యాయమైన మాట. వెంటనే ఒప్పుకున్నాను. అంచు నుంచి 150 మీటర్లు వెనక్కి చదునైన బంజరు కనిపించింది, పునాదికి కూడా అదే సులువు. తీర్మానం రాసేశారు, సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. సాయంత్రానికి పాడేరు చేరి టీ తాగుతూ, ఒక్క రోజులో స్థలం తేలిపోయిందని సంబరపడ్డాను.

స్థలం 150 మీటర్లు జరిగినప్పుడు కవరేజ్ లెక్క మళ్లీ వేయాలి. వేయలేదు. కంప్యూటర్ మ్యాపులో 150 మీటర్లంటే వేలిగోరంత.

హాప్, మోత

టవర్ నిలబెడితే సరిపోదు, దాన్ని మిగతా నెట్‌వర్క్‌తో కలపాలి. ఫైబర్ మండల కేంద్రం దాకానే ఉంది. అక్కడి నుంచి 17 కిలోమీటర్లు మైక్రోవేవ్ హాప్, అంటే ఎదురెదురు డిష్‌ల మధ్య రేడియో దారి. 15 గిగాహెర్ట్జ్ పరికరం తక్షణం దొరికేది, డిష్ కూడా చిన్నది. కానీ పది గిగాహెర్ట్జ్ దాటాక జోరువాన సిగ్నల్‌ని మింగేస్తుంది, మా వానలు మామూలు వానలు కావు. 7 గిగాహెర్ట్జ్‌కే పట్టుబట్టాను. ఈ కేసులో నేను సరిగ్గా చేసిన పనుల్లో ఇదొకటి. శాటిలైట్ కూడా ఆలోచించాం. భూస్థిర ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను, బదులు రావడానికి ఇంకో పావు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోతుంటారు. దారి లేనప్పుడు అదే దిక్కు, ఇక్కడ దారి ఉంది.

ఎదురుబొదురు రెండు టవర్లకీ మధ్య అడ్డు లేదని తేల్చుకోవడానికి పాత పద్ధతే వాడాం. ఒకడు అక్కడ కొండ మీద అద్దం పట్టుకుని ఎండని మావైపు మెరిపిస్తాడు, మేం ఇక్కడ బైనాక్యులర్‌తో చూస్తాం. మెరుపు కనిపించింది. అయితే మెరుపు కనిపించడం ఒక్కటే చాలదు. రేడియో తరంగం దారంలా వెళ్లదు, మధ్యలో కడుపులా ఉబ్బుతుంది. 17 కిలోమీటర్ల హాప్‌కి 7 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ ఉబ్బు నడిమధ్యలో పదమూడున్నర మీటర్ల వ్యాసార్థం. అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. దారిలో కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు. అవి చూస్తుండగానే పెరుగుతాయి. పదేళ్ల తర్వాతి ఎత్తు వేసుకుని డిష్‌ని ఇంకో ఆరు మీటర్లు పైకి కట్టించాను.

ఒక చిన్న పక్కమాట. 2017 డిసెంబర్‌లో మన రాష్ట్ర ఫైబర్‌గ్రిడ్ సంస్థ గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ వాళ్ల ఎక్స్ విభాగంతో ఒప్పందం చేసుకుంది. తీగ లేకుండా కాంతి కిరణంతో డేటా పంపే లింకులు 2,000 తెస్తామన్నారు. అదే ఎక్స్ నుంచి పుట్టిన, బెలూన్లతో ఇంటర్నెట్ ఇచ్చే ప్రాజెక్ట్ లూన్ 2020 జులైలో కెన్యాలో సేవలు మొదలుపెట్టింది, 2021 జనవరిలో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించారు. ఇలాంటివి చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది డిసెంబర్‌లో లంబసింగి పొగమంచు. పక్కనున్న మనిషే కనపడని చోట కాంతి కిరణం ఎంత దూరం పోతుంది? కొత్తవి వద్దని కాదు. మా కొండల్లో ఇప్పటికీ పనిచేస్తున్నవి ఇనుము, సిమెంటు, మనుషుల భుజాలు.

ఆ భుజాల గురించి చెప్పకపోతే తప్పు. జీపు ఆగిన చోటు నుంచి కొండపైకి గంటన్నర కాలిబాట. టవర్ ముక్కల్ని ఇద్దరు మోయగలిగే బరువుకి కుదించి తయారు చేయించాం. సిమెంటు, ఇసుక, కంకర, కడకు కాంక్రీట్‌కి నీళ్లు కూడా మనుషులే మోశారు. 48 వోల్టుల లిథియం బ్యాటరీలు ఆరు, ఒక్కోటి నలభై కిలోల పైమాటే. వాటిని ఎలా ఎక్కించాలో మాకు తోచలేదు. ఊరి కుర్రాళ్లు డోలీ తెచ్చారు, కర్రకి దుప్పటి కట్టి గర్భిణుల్నీ జ్వరపడ్డవాళ్లనీ రోడ్డు దాకా దించే అదే డోలీ. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక, మధ్యలో బ్యాటరీ. "ఇది మూలగదు, నయం" అన్నాడు వాళ్లలో ఒకడు.

నీడ

ఆశా కార్యకర్త ఫోన్ తర్వాత మూడో రోజు నేనే వెళ్లాను. టెస్ట్ ఫోన్ చేతిలో పట్టుకుని ఊరంతా నడిచాను. కొండపైన టవర్ పక్కన సిగ్నల్ బలం మైనస్ 60ల్లో (మైనస్ పక్కన అంకె ఎంత పెరిగితే సిగ్నల్ అంత బలహీనం). ఊరి బడి దగ్గర మైనస్ 108. ఆమె ఇంట్లో, వంట దగ్గర, మైనస్ 118. అంత తక్కువలో ఫోన్ కాసేపు పట్టుకుంటుంది, కాల్ కలిసేలోపు వదిలేస్తుంది. లోయకి అవతల, ఆరు కిలోమీటర్ల దూరాన ఉన్న గూడేల్లో మైనస్ 90! దూరపువాళ్లకి విందు, గుమ్మం ముందున్నవాళ్లకి పస్తు.

కారణం తెలుసుకోవడానికి ఒక కాగితం, స్కేలు చాలు. యాంటెన్నా నుంచి ఊరి బడికి గీత గీస్తే అది దాదాపు 19 డిగ్రీల కోణంలో కిందికి దిగుతుంది. టవర్ దగ్గర్నుంచి అంచు దాకా 150 మీటర్లు వచ్చేసరికి ఆ గీత 51 మీటర్లు దిగిపోవాలి. టవర్ ఎత్తు 40. అంటే గీత అంచుకి పదకొండు మీటర్లు లోపల, మట్టిలోంచి పోతోంది. ఆ అంచు మీద చెట్లు అదనం. పైగా మా యాంటెన్నాని 4 డిగ్రీలు వంచి పెట్టాం, దాని ప్రధాన కిరణం ఊరి తల మీదుగా దాటి ఎదురు లోయలోకి పోతోంది. మొదట అనుకున్న అంచు చోటయితే ఈ ఇబ్బందేదీ ఉండేది కాదు.

ముందు టిల్ట్, అంటే ఆ వంపు, పెంచి చూశాం. ప్రతి ఆఫీసులోనూ మొదటి సలహా అదే, ఎందుకంటే దానికి ఖర్చు లేదు. ఏమీ మారలేదు. మట్టిగడ్డ అడ్డున్నప్పుడు దీపాన్ని ఎటు వంచినా నీడ నీడే.

ఫోన్లు

ఆ రోజే ఇంకోటి గమనించాను. కొండపైన, టవర్ పక్కనే నిలబడ్డా కొంతమంది ఫోన్లలో సిగ్నల్ లేదు. సంత రోజున మండల కేంద్రానికి వెళ్లి, వచ్చినవాళ్లని బతిమాలి, అరవై ఫోన్లు చూశాం. ఫోన్‌లో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే పదిహేను అంకెల నంబర్ వస్తుంది. అందులో మొదటి ఎనిమిది అంకెలతో మోడల్ తెలుస్తుంది. అరవైలో 34 పాత 2జీ కీప్యాడ్ ఫోన్లు. మా సైట్‌లో ఉన్నది 4జీ ఒక్కటే. ఆ 34 ఫోన్లకి మా టవర్ ఉత్త ఇనుప స్తంభం. మండల కేంద్రంలో 2జీ ఉంది కాబట్టి అవి సంతలో మోగుతాయి, ఇంటికొస్తే మూగబోతాయి. ఆ ఫోన్లవాళ్లు ఊళ్లో టవర్ వచ్చాక కూడా రాయే ఎక్కాలి.

మిగిలిన 26లో ఇంకో చిక్కు. మా టవర్ రెండు బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీ పట్టీలు) ఇస్తుంది, 700, 2100 మెగాహెర్ట్జ్. కొండల్లో అసలు పని చేసేది 700. ఫ్రీక్వెన్సీ మూడు రెట్లయితే అంతే దూరంలో అందే శక్తి తొమ్మిదో వంతుకి పడిపోతుంది, అదీ అడ్డు లేనప్పుడు. ఆ 26లో 11 ఫోన్లలో 700 లేనే లేదు. చవకగా, చాలావరకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. వాళ్లు 2100 మీదే బతకాలి. ఇది శాస్త్రీయ సర్వే కాదు, ఒక సంతలో ఒక పూట చూసిన ఫోన్లు మాత్రమే. కానీ ప్లానింగ్ సమయంలో మేం ఒక్క ఫోన్ కూడా చూడలేదు.

ప్రపంచ మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ ఈ తేడాని రెండు మాటల్లో చెప్తుంది. ఒకటి కవరేజ్ గ్యాప్, అంటే అసలు మొబైల్ ఇంటర్నెట్ అందని చోట్ల బతికేవాళ్లు. రెండోది యూసేజ్ గ్యాప్, అంటే అది అందుతున్నా వాడనివాళ్లు. వాళ్ల 2024 నివేదికలో మొదటివాళ్లు ప్రపంచ జనాభాలో 4 శాతం, సుమారు 35 కోట్లు. రెండోవాళ్లు 39 శాతం, 310 కోట్లు. నేను ఆ అంకెల్ని ఎప్పుడో చదివి, రెండోది చదువు, డబ్బు, ఆసక్తికి సంబంధించిన సంగతి, మా శాఖ కాదు అనుకున్నాను. సంతలో ఆ 34 ఫోన్లు చేతిలోకి తీసుకున్నాక అలా అనుకోవడం మానేశాను. 999 రూపాయల 4జీ కీప్యాడ్ ఫోన్లు 2023లోనే వచ్చాయి గానీ అవి ఒకే కంపెనీ సిమ్‌తో పనిచేస్తాయి. టవర్ ఎవరిదో చూడకుండా ఆ ఫోన్ కొనుక్కుంటే దండగ.

జులై

నీడ సంగతీ ఫోన్ల సంగతీ తేల్చేలోపే వానలు దిగాయి.

జులై రెండో వారం నుంచి కంట్రోల్ రూములో ఆ సైట్ అలారం రావడం మొదలైంది. తెల్లవారుజామున మూడు, మూడున్నరకి డౌన్. పది గంటలకి దానంతటదే వస్తుంది. నెలాఖరు రిపోర్టులో అందుబాటు 94 శాతం. కొండ సైట్‌కి 94 అంటే ఫర్వాలేదన్నారు మీటింగులో. ఆ మిగతా 6 శాతం ఎక్కడుందో చూడండి: ఆరు రాత్రులు, ఒక్కో రాత్రి ఏడు గంటలు. ఏజెన్సీలో వానాకాలం జ్వరాల కాలం. పురిటి నొప్పులు పగలే రావాలని రూలు లేదు. ఫోన్ కావలసిన గంటల్ని ఏరి మరీ తీసేసినట్టుంది మా టవర్.

తప్పు నా సౌర లెక్కలో ఉంది. సైట్ సగటు వాడకం 900 వాట్లు, రోజుకి 21.6 యూనిట్లు. మా ప్రాంతంలో ఏడాది సగటున రోజుకి దాదాపు 5 గంటల పూర్తి ఎండ. 6 కిలోవాట్ల ప్యానెళ్లు, నష్టాలు పోను 22.5 యూనిట్లు. సరిపోయిందనుకున్నాను. జులైలో ఆ ఐదు గంటలు మూడున్నరకి పడిపోయాయి. వచ్చేది పదిహేను, పదహారు యూనిట్లు. మూడు రోజులు బ్యాటరీ ఆదుకుంటుంది, నాలుగో రాత్రి చేతులెత్తేస్తుంది. సౌర సైట్‌ని ఏడాదిలో అధ్వాన్నమైన నెలకి లెక్కేయాలని కొత్తగా చేరిన కుర్రాళ్లకి చెప్పేది నేనే. టెండర్ అంచనాలో ప్యానెళ్ల సంఖ్య తగ్గించాల్సి వచ్చినప్పుడు, కరెంటు తీగ ఎలాగూ వస్తుందిలే అనుకుని సగటుకి తలూపాను. తీగ ఇంకా ఫైలులోనే ఉంది.

విశాఖవాడిని అయ్యుండి ఇది మర్చిపోవడం సిగ్గుచేటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. నేను చూసుకునే సైట్లలో చాలావాటికి టవర్ నిక్షేపంగా నిలబడే ఉంది. కరెంటు లేదు, జనరేటర్‌కి డీజిల్ లేదు, డీజిల్ పట్టుకెళ్దామంటే రోడ్ల మీద చెట్లు. అప్పుడు డబ్బాలు మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

సరిచేయడం

మూడు సమస్యల్నీ విడివిడిగా సరిచేయబోతే ఒకటి ఇంకోదాన్ని చెడగొట్టింది. ఈ కేసులో రాయాల్సిన అసలు సంగతి ఇదే.

కరెంటు ఆదా చేయడానికి మొదట వేసిన ఎత్తు: రాత్రి పది నుంచి ఆరు దాకా 2100 ఆపేసి 700 ఒక్కటే నడపడం. అందరూ చేసేదే. రాత్రి 900 వాట్లు 550కి దిగింది, ఆగస్టులో సైట్ ఒక్క రాత్రి కూడా పడలేదు. రిపోర్టులో 99 దాటాం. అప్పుడు గుర్తొచ్చాయి ఆ పదకొండు ఫోన్లు. 700 లేని ఫోన్లకి రాత్రి మొత్తం టవరే లేదు. ఆశా కార్యకర్త ఫోన్ కూడా వాటిలో ఒకటి. పాత ఏర్పాటులో ఆమెకి అందే ఆ కాస్త సిగ్నల్ కొన్ని రాత్రులు మాత్రమే పోయేది, మా మరమ్మతు తర్వాత ప్రతి రాత్రీ పోయింది. రిపోర్టులో ఇది కనిపించదు, ఎందుకంటే సైట్ అప్‌లోనే ఉంది.

నీడ తీయడానికి దారి ఒక్కటే కనిపించింది. ఊరివైపు సెక్టార్‌ని, అంటే ఆ దిక్కుకి సిగ్నల్ ఇచ్చే యాంటెన్నా, రేడియో పెట్టెల్ని, టవర్ మీద నుంచి తీసి కొండ అంచుకి తీసుకెళ్లడం. రేడియో పెట్టె బేస్ యూనిట్ పక్కనే ఉండాలని లేదు, ఫైబర్‌తో కలిపితే దూరంగా పెట్టొచ్చు. అంచు మీద 12 మీటర్ల స్తంభం, టవర్ నుంచి 150 మీటర్ల ఫైబర్, ఒక డీసీ కేబుల్. కానీ అంచు దగ్గర వద్దని గ్రామసభ తీర్మానం ఉంది కదా. చెప్పులు విడిచి, బెరుగ్గానే అడిగాను. తీర్మానం నాడు మాట్లాడిన పెద్దాయనే నవ్వాడు. "రాయి కాడ వద్దన్నాం గానీ అంచంతా వద్దన్నామేటి బావూ? మీరు అడగనేదు, మేం సెప్పనేదు." రాయికి నలభై మీటర్ల అవతల, ఆయనే కాలితో గీత గీసి చోటు చూపించాడు. ఏడాదిన్నర కిందట ఇదే ప్రశ్న అడిగి ఉంటే అసలు టవరే ఆ చోట లేచేది.

కేబుల్ దగ్గర కొంచెం జాగ్రత్త పడ్డాం. గోడౌన్‌లో 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ ఉంది, అదే వేసేద్దామన్నారు. 150 మీటర్లు పోయి రావడానికి 300 మీటర్ల రాగి, 8 ఆంపియర్లు. ఏడు వోల్టులు దారిలోనే పోతాయి. తెల్లవారుజామున బ్యాటరీ 46కి దిగినప్పుడు రేడియోకి 39 అందుతుంది, అది ఆరిపోతుంది. మళ్లీ అదే మూడు గంటల జబ్బు. 16 చదరపు మిల్లీమీటర్లది తెప్పించి, పశువులు కొరకకుండా గొట్టంలో పెట్టి పాతించాం. నష్టం రెండున్నర వోల్టులకి తగ్గింది.

ఆ అంచు సెక్టార్‌లో మాత్రం 2100ని రాత్రి కూడా ఆపడం లేదు. ఊరు అరకిలోమీటరు దూరంలో, కళ్ల ముందే ఉంది కాబట్టి తక్కువ పవర్ చాలు. 700 లేని ఫోన్లకి అదే ఆధారం. దీనికి తోడు ఇంకో 3 కిలోవాట్ల ప్యానెళ్లు పైకెక్కించాం. వీటికి డోలీ పనికిరాలేదు, గాలికి ఊగిపోతాయి, ఒక్కొక్కటీ ఇద్దరు అడ్డంగా పట్టుకుని ఎక్కారు. 2జీ ఫోన్ల విషయంలో మా చేతిలో ఉన్నది తక్కువ. ఆపరేటర్‌ని ఒప్పించి రెండు సంతల్లో, ఏ కంపెనీ సిమ్ అయినా పట్టే 4జీ కీప్యాడ్ ఫోన్లు అమ్మే బల్ల పెట్టించాం. మొదటి సంతలో ఏడు అమ్ముడయ్యాయి. మిరియాలు, కాఫీ గింజల డబ్బు చేతికొచ్చే నెలల్లో పెట్టి ఉంటే ఇంకొన్ని పోయేవని ఒక దుకాణదారు చెప్పాడు. నిజమే, వానాకాలంలో ఫోన్ కొనడానికి ఎవరి దగ్గర డబ్బుంటుంది?

పని ముగిశాక ఈసారి డ్రైవ్ టెస్ట్ పెట్టలేదు. ఊళ్లో గడప గడపకీ నడిచాం. పొద్దున ఒకసారి, రాత్రి పదకొండుకి ఒకసారి, కొత్త ఫోన్‌తో ఒకసారి, సంతలో కొన్న పాత 2100 ఫోన్‌తో ఒకసారి. బడి దగ్గర మైనస్ 72. ఆశా కార్యకర్త వంటింట్లో మైనస్ 89. రాత్రి పాత ఫోన్‌తో కూడా మైనస్ 101, కాల్ నిలబడింది. ఆమె అక్కడే కూర్చుని 108 నంబర్ కొట్టి, మోగగానే కట్ చేయబోయింది. "ఉత్తినే చేయకూడదమ్మా" అన్నాను. "కలుస్తుందో లేదో చూడొద్దా సార్" అంది. అవతలివాళ్లకి క్షమాపణ నేనే చెప్పాను.

మిగిలింది

అంచు స్తంభం యాంటెన్నాని 16 డిగ్రీలు కిందికి వంచాం. అందువల్ల లోయ అవతలి రెండు గూడేలకి అందే బలం పడిపోయింది. మైనస్ 90 ఉన్న చోట ఇప్పుడు మైనస్ 102. బయట మాట్లాడొచ్చు, ఇంట్లో తెగిపోతుంది. ఆ రెండు గూడేలూ జాబితాలో 'కవర్డ్'గానే ఉన్నాయి, కాబట్టి కొత్త టవర్‌కి నిధి రాదు. ఊరు పెద్దది, గూడేలు చిన్నవి, అందుకే ఈ బేరానికి సిద్ధపడ్డాను. గూడెంవాళ్లు నన్ను అడిగితే ఈ లెక్క చెప్పడానికి నాకు నోరు రాదు.

వాళ్లు అడిగారు కూడా. పోయిన నెల అర్జీ వచ్చింది, బడి నోటు పుస్తకం కాగితం మీద, కింద ఇరవై మూడు సంతకాలు. రెండు దారులు చూస్తున్నాం. టవర్ మీద ఖాళీ అయిన చోట పాత సెక్టార్‌ని తక్కువ వంపుతో మళ్లీ పెట్టడం ఒకటి, దానికి రోజుకి ఇంకో నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. గూడెం పక్క దిబ్బ మీద సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే చిన్న రిపీటర్ రెండోది, దానికి మళ్లీ స్థలం, మళ్లీ గ్రామసభ. కరెంటు తీగ ఫైలు కదిలిందని విన్నాం, స్తంభాలు ఇంకా పడలేదు. వచ్చే మంగళవారం సంతకి వెళ్తున్నాం. గూడెంవాళ్లు అక్కడికే వస్తారు, ముందు వాళ్ల ఫోన్లు చూడాలి.